ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడింది, స్టీల్ పైపులు వేయించాలా?

ప్రశ్న: అన్నా, మాది అచ్చంపేట. ఉద్యోగం హైదరాబాద్‌లో. నాది 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. కార్తీక మాసంలో అమ్మానాన్నలను, అక్కాబావలను ఎక్కించుకుని శ్రీశైలం వెళ్లాను. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే ముందు కాలిన వాసన వచ్చింది. తర్వాత బ్రేక్ పెడల్ మెత్తబడి కింది దాకా పోయింది. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే మళ్లీ పట్టింది. గంట సేపు ఆపి చూస్తే అంతా మామూలుగానే ఉంది. నా స్నేహితుడు రేసింగ్ ప్యాడ్లు, స్టీల్ అల్లిక ఉన్న బ్రేక్ పైపులు వేయించమంటున్నాడు. ముప్పై వేల దాకా అవుతుందట. వేయించమంటారా?
ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ బ్రేకులు బాగు చేయించే దాకా ఆ బండిని ఘాట్‌కు తీసుకుపోకు. గంట తర్వాత మామూలైంది కదా అని ఊరుకుంటే, మళ్లీ అంతే వేడెక్కిన రోజు మళ్లీ అదే జరుగుతుంది. ఆ రోజు రెండు సార్లు తొక్కినా పట్టకపోవచ్చు.

నల్గొండలో ఇరవై ఏళ్లకు పైగా బండ్ల పని చేసినవాణ్ణి. నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "మెత్తబడి కింది దాకా పోయింది" అన్నది. ఘాట్‌లో బ్రేకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి, పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత బలంగా తొక్కినా బండి మాత్రం ఆగదు. అది ప్యాడ్ల సంగతి. ప్యాడ్‌లోని పదార్థం దాని హద్దు దాటి వేడెక్కితే, చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను పట్టుకునే గుణం పోతుంది. రెండోది, నీకు జరిగింది. కాలు కింద ఏమీ లేనట్టు పెడల్ దిగిపోతుంది, పంపు కొట్టినట్టు తొక్కితే లేస్తుంది, చల్లారాక ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇది బ్రేక్ ఆయిల్ మరిగినప్పుడు వచ్చే లక్షణం. కాలిన వాసన కూడా వచ్చింది కాబట్టి ప్యాడ్లూ బాగా వేడెక్కాయి, కానీ నీ కాలు కింద నుంచి బ్రేకును లాగేసింది ఆయిలే అని నా గట్టి నమ్మకం. మీ స్నేహితుడు చెప్పిన రెండు వస్తువుల్లో ఏదీ ఆయిల్ మరగకుండా ఆపదు. స్టీల్ పైపులో పోసినా పాత ఆయిల్ పాత ఆయిలే.

ఆయిల్ మరగడమేమిటంటావేమో. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండిలో ఆ ఆయిల్ ఉండే డబ్బా మూత దగ్గర నుంచి, రబ్బరు పైపుల గోడల గుండా కూడా ఏళ్ల తరబడి తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. డాట్ అన్నది బ్రేక్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే కొత్తది 205, తేమ పట్టింది 140. ఘాట్ దిగేటప్పుడు డిస్క్ వేడి 300 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ వేడి ప్యాడ్ గుండా, ప్యాడ్‌ను డిస్క్ మీదకు నొక్కే క్యాలిపర్ పిస్టన్ గుండా ఆయిల్‌కు చేరుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ను నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. నీ కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే పోతుంది, ప్యాడ్ దాకా చేరదు. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. గంట తర్వాత మామూలైంది అందుకే. ఇప్పుడు నీకు నువ్వే ఒక ప్రశ్న వేసుకో: బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్పించావు? సర్వీసింగ్ బిల్లులు తీసి చూడు. తగ్గినప్పుడు పైన కాస్త పోయడం మార్చడం కాదు. రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయాలి. ఇంజిన్ ఆయిల్ తారీఖు గుర్తుపెట్టుకునేవాళ్లు చాలామంది, బ్రేక్ ఆయిల్ తారీఖు చెప్పగలిగినవాళ్లు నాకు చాలా తక్కువగా కనపడ్డారు.

ఘాట్‌లోనే ఎందుకిలా, హైవే మీద ఎందుకు కాదు? ఒక లెక్క చెప్తాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని పూర్తిగా ఆపితే ఎంత వేడి పుడుతుందో, దాదాపు 40 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే ఆధారపడి దిగితే అంతే వేడి పుడుతుంది. అంటే 100 మీటర్ల దిగుడుకు, వందలో నుంచి రెండున్నర సార్లు బండిని ఆపినంత. గాలి, టైర్ల రాపిడి కొంత భారం మోసినా మిగతాదంతా డిస్కుల మీదే. జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దాకా వెళ్లేటప్పుడు ఒకసారి బ్రేకు వేశాక మళ్లీ వేసే లోపు ఎదురుగాలి డిస్కులను చల్లారుస్తుంది. ఘాట్‌లో వేగం ఇరవై, ముప్పై, గాలి తక్కువ. మలుపు వెనక మలుపు, కాలు పెడల్ మీదే. పైగా ఐదుగురు పెద్దలు, సామాను. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు కాబట్టి ఆ లోపు దాటాలని తొందర, దాటాక త్వరగా దిగిపోవాలన్న తొందర. నువ్వు ఏ టైముకు దిగావో రాయలేదు గానీ, తొందరలో దిగేవాళ్ల కాలు బ్రేకు మీద నుంచి లేవదని మాత్రం తెలుసు.

ఇంకొకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. దిగుడులో న్యూట్రల్‌లో వేశావా? డీజిల్ మిగులుతుందని మన దగ్గర చాలామందికి ఆ అలవాటు ఉంది. నీ బండి లాంటి కొత్త రకం ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు డీజిల్ పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు, బ్రేకుల మీద మాత్రం పూర్తి బరువు పడుతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగమని లారీ డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. సెకండ్‌లో వేసి ఇంజిన్ గట్టిగా అరుస్తున్నా భయపడకు. బ్రేకును మలుపుకు ముందు ఒకసారి గట్టిగా వేసి వేగం తగ్గించి వదిలెయ్యి. సన్నగా తొక్కిపట్టి కిలోమీటర్ల కొద్దీ దిగడమే డిస్కులను కాలుస్తుంది. ఇది పైసా ఖర్చు లేని పని, ముప్పై వేల కిట్ కంటే దీనివల్లే నీకు ఎక్కువ మేలు.

ఇప్పుడు పనుల వరుస. మొదట ఆయిల్ మొత్తం మార్పించు. నీ బండి ఆయిల్ డబ్బా మూత మీద ఏ డాట్ అని రాసి ఉంటుంది, అది చూడు. డాట్ 4 అని ఉంటే సీలు విప్పని డాట్ 4 డబ్బా సరిపోతుంది. డాట్ 5.1 కొత్తదిగా 260, తేమ పట్టాక 180 డిగ్రీలు తట్టుకుంటుంది, డాట్ 4తో కలుస్తుంది, కాబట్టి కావాలంటే అదీ పోయించుకోవచ్చు. కానీ డాట్ 5 అన్నది వేరు. అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు, నీ బండికి వద్దు. పేరులో ఒక చుక్క, ఒక అంకె తేడా అంతే. షాపులో ఇచ్చిన డబ్బాను నీ కళ్లతో చదివి తీసుకో. సగం వాడి మూత పెట్టి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది పోయనివ్వకు. నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా, గాలి బుడగ లేకుండా బ్లీడింగ్ చేయించు, అంటే పాత ఆయిల్‌ను, గాలిని బయటికి తీయించు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే, ఆ యూనిట్‌లో గాలి చేరిందన్న అనుమానం వస్తే స్కానర్ పెట్టి తీయాలి. అది ఉన్న చోటికే తీసుకెళ్లు. ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తుంది, వెంటనే నీళ్లతో కడిగించు.

అదే రోజు నాలుగు చక్రాలూ విప్పించు. క్యాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోతే ప్యాడ్ వెనక్కి రాదు, రోజంతా డిస్క్‌కు రాసుకుంటూనే ఉంటుంది. ఘాట్ మొదలయ్యే లోపే అది సగం వేడెక్కి ఉంటుంది. పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుంది. వెనక డిస్కుల బదులు డ్రమ్ములుంటే, లోపల రాసుకునే లైనర్లు ఎంత మిగిలాయో, వాటిని నెట్టే వీల్ సిలిండర్ కారుతోందో, అవి అరిగేకొద్దీ సందు సరిచేసే అడ్జస్టర్ పని చేస్తోందో చూపించు. వెనక బ్రేకు పని చేయకపోతే ఆ భారం కూడా ముందు డిస్కుల మీదే పడుతుంది, మన చిన్న కార్లలో ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇది. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి ఆ దుమ్ము ఎగరగొట్టనివ్వకు. తడి గుడ్డతో తుడిపించు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పైపుల గురించి నా బండికి జరిగింది చెప్తాను. పదేళ్ల కిందటి మాట. దేవరకొండ నుంచి మల్లేపల్లి మీదుగా వస్తుంటే బండి ఎడమకు లాగడం మొదలైంది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. అప్పుడు నేను బయట పనిలో ఉండి వేరే షాపులో చూపించాను. ప్యాడ్లు మార్చారు, నెలకే మళ్లీ అదే. క్యాలిపర్ మార్చారు, మళ్లీ అదే. చివరికి నేనే విప్పి చూస్తే రబ్బరు పైపు పైకి బాగానే ఉంది, లోపలి పొర ఊడి మడతబడి కవాటంలా తయారైంది. తొక్కితే ఆయిల్ లోపలికి పోతోంది, వదిలితే వెనక్కి రావడం లేదు. పైకి పగులు లేని పైపు లోపల పాడై ఉండొచ్చని ఆ రోజు నుంచి ఎవరికైనా చెప్తూనే ఉన్నాను. నీ బండికి దాదాపు పదేళ్లు, పైపులు మొదటివే అయి ఉంటాయి. కాబట్టి పైపులు మార్చడం ఎలాగూ రావాల్సిన ఖర్చే. ఏ రకం అన్నదే ప్రశ్న.

స్టీల్ అల్లిక పైపులో లోపల టెఫ్లాన్ గొట్టం, చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక ఉంటుంది. ఒత్తిడికి రబ్బరు పైపు కొద్దిగా ఉబ్బుతుంది, ఇది ఉబ్బదు. అందువల్ల పెడల్ గట్టిగా, స్పష్టంగా అనిపిస్తుంది. పాత మెత్తబడిన రబ్బరు తీసి ఇది వేసినవాళ్లు "బ్రేకులే మారిపోయాయి" అంటారు. అదే చోట కంపెనీ కొత్త రబ్బరు పైపులు వేసినా ఆ తేడాలో ఎక్కువ భాగం వచ్చేదని వాళ్లకు తెలియదు, ఎందుకంటే ఎవరూ రెండూ వేసి చూడరు. కాలికి గట్టిగా తగలడం వేరు, బండి తక్కువ దూరంలో ఆగడం వేరు. గట్టిగా తొక్కితే ఇప్పటికే నీ బ్రేకులు ఏబీఎస్‌ను పని చేయిస్తున్నాయంటే, ఇంకా తక్కువ దూరంలో ఆపగలిగేది టైరే, పైపు కాదు.

కాబట్టి నీకు నా సలహా కంపెనీ రబ్బరు పైపులే. అయినా స్టీల్ పైపుల మీద మనసు ఉంటే కొన్ని సంగతులు చూసుకో. నీ బండి మోడల్‌కే తయారై, చివరి ఫిట్టింగులు ఫ్యాక్టరీలోనే నొక్కి, ఒత్తిడి పరీక్ష చేసి వచ్చినవే కొను. కొలత పెట్టి షాపులో కోసి ఫిట్టింగులు బిగించి ఇస్తామంటే వద్దను. అల్లిక పైన ప్లాస్టిక్ పూత ఉన్నది తీసుకో. పూత లేకపోతే మన రోడ్ల దుమ్ము, ఇసుక తీగల మధ్య చేరి లోపలి గొట్టాన్ని మెల్లగా కొరుకుతుంది. ఆ అల్లిక తాకిన ప్రతిదాన్నీ రంపంలా కోస్తుంది కూడా. బిగించాక స్టీరింగ్ పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు తిప్పించి, జాకీ మీద చక్రం వేలాడుతున్నప్పుడూ నేల మీద నిలబడ్డప్పుడూ పైపు ఎక్కడైనా లాగుతోందా, టైరుకో రిమ్ముకో తగులుతోందా చూడు. బోల్టుల దగ్గర రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి, పాతవి తిరగేసి వేయకూడదు. రబ్బరు పైపు పగిలితే కంటికి కనపడుతుంది, అల్లిక కింద గొట్టం చెడితే కారేదాకా కనపడదు. ఇవన్నీ సరిగ్గా చేసే మనిషి దగ్గర్లో ఉంటేనే వేయించు.

ఇక ప్యాడ్లు. రేసింగ్ ప్యాడ్లు వద్దు, ఇక్కడ మాత్రం రెండో ఆలోచన పెట్టుకోకు. రేసు ట్రాక్ మీద ప్యాడ్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, ఆ వేడిలో పట్టడానికే దాన్ని తయారు చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు అది సరిగా పట్టదు. నీ రోజులో మొదటి బ్రేకు ఎక్కడ పడుతుంది? పొద్దున్నే ఇంటి ముందు సందులో, గేదెలు అడ్డం వచ్చిన చోట, బడికి పోయే పిల్లలు రోడ్డు దాటే చోట. అప్పుడు ప్యాడ్ చల్లగా ఉంటుంది. ఇంటి బండికి అన్నిటికంటే ముఖ్యమైన బ్రేకు ఆ చల్లటి బ్రేకే. రేసింగ్ ప్యాడ్ అక్కడే నిన్ను మోసం చేస్తుంది. పైగా కీచుమంటుంది, డిస్కులను త్వరగా అరగదీస్తుంది.

మామూలు రోడ్డు ప్యాడ్లలో మూడు రకాలు వినపడతాయి. ఆర్గానిక్ ప్యాడ్ మెత్తగా, శబ్దం లేకుండా పట్టుకుంటుంది, కానీ ఎక్కువ వేడికి తొందరగా లొంగుతుంది. సెమీ మెటాలిక్‌లో ఇనుప పొడి, తీగ ముక్కలు ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటుంది, కొంచెం శబ్దం, నల్ల దుమ్ము ఉంటాయి. సిరామిక్ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది, రోజువారీ ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. నెలకో రెండు నెలలకో నిండు బండితో నల్లమల దిగేవాడివి కాబట్టి, నీ మోడల్‌కు సరిపోయే పేరున్న కంపెనీ సెమీ మెటాలిక్ రోడ్డు ప్యాడ్లు నీకు సరిగ్గా పడతాయి. అవి దొరకకపోతే కారు కంపెనీ అసలు ప్యాడ్లే వేయించు, కొత్త ఆయిల్‌తో, సరైన గేరుతో అవి చాలు. కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లిష్ అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. ఇ (E) కంటే ఎఫ్ (F), ఎఫ్ కంటే జీ (G) ఎక్కువ పట్టు. రెండో అక్షరం మొదటిదాని కంటే తక్కువగా ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని అర్థం, అలాంటిది ఘాట్‌కు వద్దు. ఎఫ్ఎఫ్ ఉంటే నీ అవసరానికి చక్కగా సరిపోతుంది. ఈ అక్షరాలు ఎంత కాలం మన్నుతుందో, నాణ్యత ఎంతో చెప్పవు, అది మాత్రం గుర్తుంచుకో.

డూప్లికేట్ల గురించి నాకు నిజంగా భయం. అచ్చం అసలు అట్టపెట్టెలాంటి పెట్టెలో వచ్చిన ప్యాడ్ ఒకటి, వెనక ఇనుప రేకు నుంచి పదార్థం మొత్తం పెళ్లలా ఊడి రావడం నా చేతుల్లోనే చూశాను. ఆ బండి పిల్లలను బడికి తిప్పే బండి. వంద, రెండు వందలు తక్కువని బిల్లు లేకుండా ఎక్కడా కొనకు. ఒక చక్రానికి మాత్రమే మార్చడం కూడా వద్దు, ముందు రెండు చక్రాలకూ ఒకే సెట్ పడాలి. డిస్కు మందం కొలిపించు. ఎంత దాకా అరగవచ్చో డిస్కు మీదనే ముద్రించి ఉంటుంది, దానికి దగ్గర పడితే డిస్కులు కూడా మార్చాల్సిందే. రంధ్రాలు చేసిన డిస్కులు చూడటానికి బాగుంటాయి, మన వాడకానికి అక్కర్లేదు.

కొత్త ప్యాడ్లు పడ్డాక నేరుగా ఘాట్‌కు పోకు, ముందు అవి డిస్కులకు సర్దుకోవాలి. పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక బండి లేనప్పుడు, 60 నుంచి 15 దాకా ఓ మోస్తరు గట్టిగా వేగం తగ్గించు, పూర్తిగా ఆపకు. అలా ఎనిమిది, పది సార్లు. మధ్యలో కాస్త దూరం నడుపు. చివర్లో ఐదారు కిలోమీటర్లు బ్రేకు దాదాపు వాడకుండా పోనిస్తే చల్లారుతుంది. ప్యాడ్ కంపెనీ కాగితం మీద వేరే పద్ధతి రాసి ఉంటే దాన్నే పాటించు.

ఖర్చు మిగిలితే టైర్లు చూడు. టైరు గోడ మీద నాలుగు అంకెల తారీఖు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్లు దాటి రబ్బరు గట్టిపడితే గాడి లోతు ఎంత మిగిలినా వానలో పట్టు ఉండదు. ముప్పై వేలల్లో పెద్ద భాగం నేనైతే అక్కడే పెడతాను. బ్రేకుల్లో కంపెనీవి కాని భాగాలు వేయిస్తే ఇన్సూరెన్స్‌వాళ్లను ముందే అడిగి, జవాబు రాతలో తీసుకో.

దేవుడు అలా జరగనివ్వకూడదు గానీ, దిగుడులో మళ్లీ పెడల్ మెత్తబడితే ఏం చేయాలో ఇప్పుడే మనసులో పెట్టుకో. గబగబా పంపు కొట్టినట్టు తొక్కు. అదే సమయంలో ఒక్కో గేరు తగ్గిస్తూ రా. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్ది కొద్దిగా లాగు, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి బండి తిరిగిపోతుంది. ఇంజిన్ మాత్రం ఆపకు, ఆపితే బ్రేకుకు ఉన్న కాస్త సాయం, స్టీరింగ్ తేలికదనం రెండూ పోతాయి. లోయ వైపు కాకుండా కొండ వైపు ఉండు. ఆగాక గేరులో వేసి చక్రం కింద రాయి పెట్టు. కాలుతున్న డిస్కుల మీద నీళ్లు పోయకు, పగిలిపోతాయి లేదా వంకర పోతాయి. కనీసం అరగంట, వీలైతే గంట అలాగే ఆరనివ్వు.

పని అయ్యాక మొదటిసారి అమ్మానాన్నలను ఎక్కించుకోకుండా ఒక్కడివే నడిపి చూడు. బండి కదిలించే ముందే పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టు. మెల్లగా కిందికి జారితే ఎక్కడో కారుతోంది లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పోయింది, అక్కడి నుంచి కదలకు. ఇంకో పని చెయ్యి. మెకానిక్ పాత ఆయిల్ తీసేటప్పుడు దగ్గర ఉండి ఒక గాజు సీసాలో పట్టించు. లేత పసుపు రంగులో ఉందో, టీ డికాషన్‌లా నల్లబడిందో చూసి, చివరిసారి మార్చిన తారీఖు బిల్లులో ఏమని ఉందో కూడా నాకు రాయి. ఆయిల్ కొత్తదే అని తేలితే, మనం వెతకాల్సిన చోటు వేరే ఉంటుంది.